పళ్లెంలో రెండో పాస్‌పోర్టు

"ఆమెన్" అని అందరూ కళ్ళు తెరిచేసరికి పళ్లెంలో ఒకటే పాస్‌పోర్టు ఉంది.

ప్రార్థన మొదలైనప్పుడు రెండున్నాయి. కిందది స్టెల్లాది, పైది ఆమె భర్త హర్షది. ఇప్పుడు పైది లేదు.

"నాది నువ్వు గానీ తీసేవా?" అన్నాడు హర్ష.

"నేనెందుకు తీస్తానండీ? కళ్ళు మూసుకుని ఉన్నాను కదా," అంది స్టెల్లా.

"అమ్మా?"

"నేనూ మూసుకునే ఉన్నాన్రా," అంది దీనమ్మ.

ముక్తేశ్వరంలోని ఆ ఇంటి హాల్లో ఉన్నది నలుగురే. భార్యాభర్తలు, హర్ష తల్లి దీనమ్మ, పాస్టరు కృపానందంగారు. సంఘంలో ఎవరు దూరప్రయాణం పెట్టుకున్నా కాయితాలు పళ్లెంలో పెట్టించి ప్రార్థన చెయ్యడం ఆయన పద్ధతి. ఆయన ప్రార్థన ఓ పట్టాన తెమలదు. విమానం రెక్కల దగ్గర్నుంచి పైలట్ పెళ్ళాం బిడ్డల వరకూ దీవించేసరికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. పాస్‌పోర్టు పోయింది ఆ పద్దెనిమిది నిమిషాల్లోనే. వీధి తలుపు వేసే ఉంది.

సాక్షి ఉన్నట్టు కనబడలేదు. ఉన్నా నోరు విప్పడు. చూశానంటే ప్రార్థనలో కళ్ళు తెరిచానని పాస్టరుగారి ఎదుటే ఒప్పుకున్నట్టవుతుంది.

బయట హారన్ మోగింది. "బాబుగారూ, పదికల్లా కదలకపోతే రాజమండ్రిలో విమానం అందదండీ," అని డ్రైవర్ దొరబాబు కేకేశాడు.

అప్పటికి తొమ్మిదిన్నర.

స్టెల్లా మూడేళ్ళుగా ఇంట్లో కూర్చునే ఒక విదేశీ కంపెనీకి పనిచేస్తోంది. ఏడాదిపాటు బాలి దీవిలో ఉండి పని చేసుకోమని కంపెనీ ఒప్పుకుంది. సోమవారం పొద్దున్న అక్కడి నుంచి లాగిన్ అవ్వాలి. అవ్వకపోతే ఆ అవకాశం వరుసలో ఉన్న ఇంకొకరికి పోతుంది.

"నువ్వు పని చూసుకో, ఇల్లు నేను చూసుకుంటా," అని హర్ష చుట్టాలందరి ముందూ మాటిచ్చి, కాలేజీ ఉద్యోగానికి సెలవు పెట్టాడు. పూల చొక్కాలూ నల్ల కళ్ళద్దాలూ కొని అమలాపురంలో తెలిసినవాళ్ళందరికీ చూపించాడు. కొబ్బరిచెట్ల ఊరు వదిలి కొబ్బరిచెట్ల ఊరికి ఎందుకురా అన్నవాళ్ళని జాలిగా చూశాడు. దీవిలో ఎవరు ఏ పని చెయ్యాలో స్టెల్లా టైపు చేసి ఫ్రిజ్‌కి అంటించింది. పోయిన వారమంతా దీనమ్మ అతనికి పప్పు వండడం నేర్పింది. మూడుసార్లు పప్పు మాడింది, నాలుగోసారి గిన్నే పనికిరాకుండా పోయింది.

"ముందు నన్నే చూడండి," అంటూ హర్ష తన జేబులన్నీ బయటికి లాగాడు. జేబురుమాలు, చార్జరు వైరు. తర్వాత స్టెల్లా హ్యాండ్‌బ్యాగు వెతికాడు. సోఫా జరిపాడు. దిళ్ళు దులిపాడు. చివరికి తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఇంక ఇచ్చెయ్యి. అబ్బాయి సముద్రం దాటడం నా మనసుకి ఒప్పడం లేదని పోయిన ఆదివారం చర్చిలో అన్నది నువ్వే కదా."

"అన్నాను. అంటే మాత్రం? ఇరవై ఎనిమిదేళ్ళుగా బళ్ళో పెన్సిలు దొంగల్ని పట్టుకుంటున్నదాన్ని, నాకే అంటగడతావేంట్రా?"

"అయితే నీ సంచి చూపించు."

దీనమ్మ సంచి టేబుల్ మీద బోర్లించింది. కళ్ళజోడు, ఎర్ర పెన్ను, నాలుగు పిప్పరమెంట్లు. "అయ్యగారి ముందు నన్ను దొంగని చేసేవు కదరా," అంది.

"అత్తయ్యగారిని ఏమీ అనకండి," అంది స్టెల్లా. "మీ పాస్‌పోర్టు దొరక్కపోతే నేనూ ఆగిపోతాను. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం."

"వద్దొద్దు, నువ్వెళ్ళిపో," అన్నాడు హర్ష గబగబా. "నాది దొరకగానే వచ్చేస్తా. దొరక్కపోతే కొత్తదానికి పెడతా. రెండు మూడు నెలలు పడుతుందేమో. ఏం చేస్తాం, నా రాత."

కృపానందంగారు గొంతు సవరించుకున్నారు.

"ఇంకోసారి ప్రార్థన చేద్దాం. అందరూ కళ్ళు మూసుకోండి. తీసినవాళ్ళు చప్పుడు చెయ్యకుండా పళ్లెంలో పెట్టెయ్యండి. ఎవరని ఎవ్వరూ అడగరు. ఏం దీనమ్మగారూ?"

"ఆయ్, అలాగేనండీ."

ఈసారి ఆయన విమానం జోలికి పోలేదు. రెండు నిమిషాల్లో ముగించారు. ఆమెన్ అన్నాక అందరూ పళ్లెం వంక చూశారు.

ఒకటే ఉంది.

హర్ష తల అడ్డంగా ఊపాడు. "చూసేరా అయ్యగారూ, మా అమ్మ మొండితనం? మీరన్నా భయం లేదు. పద స్టెల్లా, టైమైపోతోంది." భార్య సూట్‌కేసు తనే ఎత్తి గుమ్మం వైపు నడిచాడు.

దీనమ్మ కుర్చీలో కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. స్టెల్లా ఆవిడ పక్కన నిలబడిపోయింది, కదలలేదు.

కృపానందంగారు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"బయల్దేరమ్మా స్టెల్లా, ఇద్దరూ వెళుతున్నారు," అన్నారు. "మీ అత్తగారి జోలికి ఇంకెవరూ వెళ్ళక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా పాస్టరుని. నేను కళ్ళు మూసుకున్నానంటే వెనక బెంచీల వాళ్ళు నిద్రపోతారు. అంచేత నేనెప్పుడూ కళ్ళు తెరిచే ప్రార్థన చేస్తాను. ఇందాకా చూశాను, ఇప్పుడూ చూశాను. ఆ సూట్‌కేసు కింద పెట్టి, చొక్కా లోపల నడుం దగ్గర దోపుకున్నది తీసి పళ్లెంలో పెట్టు, హర్షా."