టీచరమ్మ బండి అద్దం

“ఇగ గుంజు టీచరమ్మా, జెర మెల్లగ,” అన్నాడు యాదన్న, అద్దాన్ని బయటి నుంచి రెండు అరచేతులతో అదిమిపట్టి.

బండి లోపల కూర్చున్న దయావతి తాడు కొస అందుకుని గుంజింది. అద్దం చుట్టూ తొడిగిన రబ్బరు అంచులో ముందే దూర్చి పెట్టిన తాడు అది. సబ్బునీళ్ళు పూసి ఉంది కాబట్టి, తాడు వచ్చినంత మేరా రబ్బరు ఇనుప చట్రం మీదికి ఎక్కి కూర్చుంటుంది. తొందరపడ్డారా, అద్దం మళ్ళీ పగులుతుంది. రిటైరైన తెలుగు టీచరుకు ఈ పని ఎలా వచ్చిందంటారా? ఈమధ్య ఆమె బండి అద్దం అన్నిసార్లు పగిలింది మరి! హెల్పరుకు జీతం ఇచ్చుకోలేక యాదన్న ఎప్పుడో మానిపించేశాడు. అప్పటినుంచి లోపలి మనిషి ఆవిడే.

ఆ పికప్పు ఆమె భర్త బర్నబాది. తాతల కాలం నాటి బండి, పొడుగు ముక్కు, గుండ్రటి లైట్లు. హత్నూర నుంచి పటాన్‌చెరు మార్కెట్టుకు కూరగాయలు దాంట్లోనే తెచ్చేవాడు. ఆయన పోయాక ఆమే నడుపుతోంది, ఒక్కతే. అలాంటి అద్దం ఏ కంపెనీలోనూ దొరకదు. అట్టముక్కతో కొలత తీసి, పలక అద్దం కోసి బిగించే మనిషి ఈ చుట్టుపక్కల యాదన్న ఒక్కడే. అయితే ఏం లాభం? కొత్త కార్ల అద్దాలు గమ్ముతో అంటిస్తున్నారు, కంపెనీ వాళ్ళు ఇంటికే వచ్చి వేసి పోతున్నారు. యాదన్న షాపులో ఈగలు తోలుకోవడమే పనైంది.

మొన్న దయావతి యోగక్షేమాలకని ఫోన్ చేస్తే ఉన్నమాట చెప్పేశాడు. నెలాఖరుకు షట్టర్ దించేస్తానని, సుల్తాన్‌పూర్‌లో వాచ్‌మన్ పని మాట్లాడుకున్నానని. వారం తిరక్కుండానే ఆమె పగిలిన అద్దంతో దిగింది. కంకర టిప్పరు వెనకాల వస్తుంటే రాయి ఎగిరి తగిలిందట. ఎప్పుడూ ఊళ్ళోనే పగిలిన అద్దం తీయించి, ముఖానికి కొంగు చుట్టుకుని వచ్చేది. ఈసారి వాన పట్టుకుంది, అలాగే నడుపుకొచ్చేసింది.

ఆమె పని వచ్చిందంటే ఆ నెల షాపు కిరాయి గట్టెక్కినట్టే. “టీచరమ్మకు రాళ్ళు తగిలితేనే మనకు బువ్వ,” అని భార్య మొగులమ్మ ఒకసారి నవ్వితే యాదన్న కసురుకున్నాడు. కానీ హారన్ వినబడగానే తన ప్రాణం లేచి వచ్చే మాట నిజమే. ఒకరి నష్టానికి సంతోషపడే బతుకు ఏం బతుకని ఆ రాత్రంతా తనను తాను తిట్టుకున్నాడు.

అద్దం కూర్చుంది. ఇక మిగిలింది రబ్బరు గాడిలో మెరిసే స్టీలు పట్టీ. బర్నబా ముచ్చటపడి వేయించుకున్నది. అన్ని రాళ్ళు తగిలినా దానికి ఒక్క సొట్టా లేదు. దేవుడి దయ అనుకుంటూ యాదన్న దాన్ని గాడిలోకి నొక్కుతూ వచ్చాడు. ఆమె చివర పట్టుకుని నిలబడింది.

“టీచరమ్మా, ఒక మాట చెప్త, ఏమనుకోకు. అద్దం ముంగట ఇనుప జాలీ కొట్టిస్త. నాకు పైస ఇయ్యకు. ఇగ ఎన్ని రాళ్ళొచ్చినా పగలది.”

దయావతి చేతిలో పట్టీ ఆగింది. “అద్దం పగలకుంటె నువ్వేం తింటవు యాదన్నా?”

“వాచ్‌మన్ పని ఉండనే ఉన్నది. ఏదన్న దినం రాయి అద్దం దాటొచ్చి నీ కంటికి తగిలితె, నా షాపు నడిచి ఏం ఫాయిద?”

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. కళ్ళు తుడుచుకుంది. కరోనాలో బర్నబా పోతే సొంతవాళ్ళే గుమ్మం తొక్కలేదు. వచ్చినవాడు యాదన్న. శవపెట్టెను ఈ బండిలోనే ఎక్కించి, తనే నడిపి, తనే మన్ను వేశాడు. ఆ తర్వాత ఆమె చేతిలో ఏదో పెట్టబోతే చేతులు కట్టుకున్నాడు. పని చేయించుకుంటే తీసుకుంటానని, ఉత్త పుణ్యానికి ఇచ్చేదైతే తన షాపు మెట్టెక్కొద్దని ఖరాఖండిగా చెప్పాడు.

“జాలీ వద్దు,” అంది చివరికి. “ఆయన బండి జైలు బండి లెక్క కనబడ్తది. నువ్వు షాపు మూయకు. నా బండికి నువ్వు తప్ప ఎవరున్నరు?”

కూలి ఇచ్చి, కొత్త అద్దాన్ని కొంగుతో ఒకసారి తుడిచి, బండెక్కింది. ఆమె కనుమరుగయ్యే దాకా యాదన్న చేతులు జోడించే నిలబడ్డాడు. ఈ నెల గడిచింది. ఆ తల్లి చల్లగా ఉండాలి, ఇక ఆమె జోలికి ఏ రాయీ రావద్దు, షాపు పోతే పోనీ అని మనసారా మొక్కుకున్నాడు.

తర్వాత పాత అద్దాన్ని తుక్కులో వేద్దామని ఎత్తాడు. రాయి ఏ వైపు తగిలితే ఆ వైపే మినపగింజంత గుంత పడుతుంది, పగుళ్ళన్నీ దాని చుట్టే పాకుతాయి. ఎంత రాయో చూద్దామని బయటి వైపు బొటనవేలితో తడిమాడు. నున్నగా ఉంది. మళ్ళీ తడిమాడు. గుంత లేదు. అద్దాన్ని తిప్పి, ఆమె లోపల శిలువ బొమ్మ అంటించుకున్న వైపు వేలు పెట్టి చూశాడు. గుంత అక్కడుంది.

దెబ్బ డ్రైవరు సీట్లోంచి తగిలింది.