నిశ్శబ్ద బోగీలో ఫిర్యాదు

నిశ్శబ్ద బోగీలో ప్రతి సీటు చుట్టూ కనబడని తెర ఉంటుంది. ఫోన్లో ఎంత అరిచినా మాట దాటి రాదు. అయినా, పక్కవాళ్లు ఏమంటున్నారోననే అనుమానంతో గొడవలు ఆగలేదు. అందుకే అక్కడ టీసీగా వకుళను వేశారు. ఆమెకు పుట్టుకతో వినపడదు. పెదవులు చూసి మాట పట్టేస్తుంది.

గూడూరు దాటాక పానకాలు అనే ప్రయాణికుడు ఆమెను చేత్తో పిలిచి, పక్క సీటు అమ్మాయిని చూపించాడు.

"కళ్లు తెరిచేసరికి నన్నే చూస్తా ఫోన్లో ఏదో అంటంది మేడమ్. తిడతందేమో కనుక్కోండి."

ఆ అమ్మాయి పెదవుల్ని వకుళ అంతకుముందే తలుపు దగ్గర్నుంచి చదివేసింది. పలక మీద రాసి చూపించింది.

"'మెల్లగా మాట్లాడమ్మా, పక్కన బాబాయిగారు నిద్రపోతున్నారు' అని వాళ్లమ్మకు చెప్పింది."

పానకాలు చప్పున కళ్లు మూసుకున్నాడు. తెనాలి వచ్చేదాకా తెరవలేదు.