సగం లేచిన చెయ్యి

తణుకులో ఇప్పుడు కాన్పులన్నీ యంత్రాలే చేస్తున్నాయి. నిహారిక కొడుకును యంత్రం భుజం పట్టి లాగింది. మూడు నెలలైనా వాడి కుడిచెయ్యి లేవలేదు. ఆసుపత్రి మీద కేసు వెయ్యడానికి ఈరోజే ఆఖరు.

"చెయ్యి లేవడం లేదని వీడియో తీసి పంపండమ్మా," అంది గోడకున్న లాయరు పెట్టె.

అత్తగారు సత్యవేణి పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద మనవణ్ణి పడుకోబెట్టుకుని, పాడుతూ నీళ్లు పోస్తోంది. నిహారిక ఫోను తీసింది.

"అత్తయ్యా, పాట ఆపండి. రికార్డవుతుంది."

"ఆపితే వీడు ఊరుకోడే. నీ లాయర్నీ విననీ."

ఇంకో చెంబు పడగానే వాడు కుడిచెయ్యి సగందాకా ఎత్తి ఆవిడ గాజు పట్టుకున్నాడు.

"ఓరి దొంగా! ఇన్నాళ్లూ దాచావట్రా!"

నిహారికకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఇక పరిహారం బాగా తగ్గుతుందమ్మా. కేసు మానుకుంటారా?" అంది ఫోనులోంచి అంతా చూస్తున్న పెట్టె.

"కేసు పడకపోతే ఆ యంత్రానికి తన తప్పు తెలుస్తుందా?"

"తెలియదమ్మా. కేసుల నుంచే దానికి నేర్పుతారు."

"అయితే వెయ్యి. ఈ వీడియోతో సహా."

సత్యవేణి గాజు విడిపించుకుంటూ అంది: "దానికి మొత్తం చూపించమను. పసివాళ్లని ఎలా పట్టుకోవాలో నేర్చుకుంటుంది."