క్షమాపణ రాయనివ్వని మనిషి

హెబ్రోను సంచి సర్దుకుంటున్నాడు. రెండు పంచెలు, ఒక తువ్వాలు, బైబిలు, మాత్రల డబ్బా.

గాలి మార్పు కోసం మైపాడు వచ్చి నెలయింది. మధ్యాహ్నం బస్సుకు కోవూరు వెళ్ళిపోవాలి.

పక్క వాటాలో గొంతులు పెరిగాయి.

"సంతకం పెట్టేస్తే పీడ పోతాది మెర్లిన్!"

"చేయని తప్పుకు క్షమాపణేందయ్యా?"

మెర్లిన్ భర్త టైటస్ వీఆర్వో. సర్కారు భూమిలో రొయ్యల గుంటలు తవ్వుతున్నారని పైకి రాసింది అతనే. తవ్వుకోమన్నది నువ్వేనంటూ అతనికే ఛార్జి మెమో వచ్చింది. క్షమాపణ రాసిస్తే చిన్న శిక్షతో పోతుందని ఆఫీసులో ఎవరో చెప్పారు.

హెబ్రోను వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాడు.

"రాయబాకయ్యా. క్షమాపణ రాస్తే తప్పు ఒప్పుకున్నట్టే. రేపు ఏ కోర్టుకు పోయినా ఆ కాగితమే నీ మెడకు చుట్టుకుంటాది."

"మరేం రాయమంటావు పెద్దయ్యా?"

"ఏ కాగితం చూసి ఛార్జి పెట్టినారో దాని నకలు ఇమ్మను. సాక్షి ఉండాడంటున్నారే, అతన్ని నేను ప్రశ్నలడగాలని రాయి. రెండు కాపీలు తీసుకుపో. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు తేదీతో ఇన్వర్డ్ ముద్ర వేయించుకో. ముద్ర పడేదాకా ఆడనుంచి కదలబాక."

"నకలు ఇవ్వకపోతే?"

"ఇవ్వరు." హెబ్రోను నవ్వాడు. "అడిగినా ఇవ్వలేదని నీ దగ్గర రుజువుండాలి గదా!"

మెర్లిన్ అప్పటికే తెల్ల కాగితాలు తెచ్చింది. ఆయన చెబుతుంటే టైటస్ రాశాడు.

ఆయన అటు వెళ్ళాడో లేదో, మెర్లిన్ తమ్ముడు క్రాంతి కుమార్ వచ్చాడు. విషయం విని పగలబడి నవ్వాడు.

"ఎవరినడిగినావు బావా సలహా? ఆ ముసలాయన డిస్మిసైనోడంట! కోవూరోళ్ళే చెప్పినారు. మునిగినోడి దగ్గర ఈత నేర్చుకుంటుండావే!"

"మెల్లగా మాట్లాడరా, వినపడతాది" అంది మెర్లిన్.

పక్క వాటాలో మంచం కిర్రుమంది. వినపడే ఉంటుంది.

బస్సు వేళకు హెబ్రోను సంచితో బయటికి వచ్చాడు.

"పోయొస్తానయ్యా!"

టైటస్ ఫోను చూసుకుంటూ లోపలే ఉండిపోయాడు.

మెర్లిన్ ఒక్కతే సంచి మోసుకుంటూ బస్సు దాకా వెళ్ళింది.

"ముద్ర సంగతి మరవబాకని చెప్పమ్మా" అన్నాడాయన మెట్టెక్కుతూ.

ఆమె మరవలేదు, భర్తను మరవనివ్వలేదు. టైటస్ గొణుక్కుంటూనే వెళ్ళి ముద్ర వేయించుకొచ్చాడు.

ఆఫీసు నకలు ఇవ్వలేదు. సాక్షిని అడగనివ్వలేదు. ఎనిమిది నెలలకు ఉద్యోగంలోంచి తీసేసింది.

హైకోర్టులో కేసు ఏడాది నడిచింది. చివరికి నెల్లూరు నుంచి వాళ్ళ లాయరు ఉషారాణి ఫోను చేసి, భార్యాభర్తల్ని రమ్మంది.

"గెలిచినాం టైటస్ గారూ! డిస్మిస్ ఆర్డరు కొట్టేసినారు. సోమవారం పోయి మీ కుర్చీలో కూర్చోండి. మీరు ముద్ర వేయించిన కాపీయే కేసును నిలబెట్టింది."

టైటస్ వెన్ను నిటారైంది. మెర్లిన్ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"జడ్జి గారు ఒక పాత తీర్పు కూడా ఎత్తి చూపినారు. కాగితాలివ్వకుండా, సాక్షిని అడగనివ్వకుండా వేసిన శిక్ష చెల్లదని. ఒక చిన్న ఉద్యోగి, లాయరు లేకుండా పదిహేనేళ్ళు తానే వాదించి సాధించుకున్న తీర్పు. దాంతో నా చేతుల మీదే పదకొండు మంది ఉద్యోగాలు నిలిచినాయి. మీరు పన్నెండో ఆయన."

"ఆయన మళ్ళీ ఉద్యోగంలో చేరినాడా మేడమ్?"

"యాడ? ఆర్డరొచ్చేసరికి రిటైర్మెంటు వయసు దాటి రెండు నెలలు."

"ఒకసారి పోయి దండం పెట్టుకోవాల మేడమ్. యాడుంటాడు?"

ఉషారాణి ఫైలులోంచి ఆ పాత తీర్పు కాపీ తీసింది.

"పోయిన మార్చిలో చనిపోయినాడు. సమాధి కాడికి లాయర్లమే ఇరవై మందిమి పోయినాం. జడ్జి పోయినా అంతమందిమి పోమేమో!"

కాపీని వాళ్ళ ముందుకు జరిపింది.

పిటిషనరు పేరు దగ్గర 'కె. హెబ్రోను, అటెండరు' అని ఉంది. 2023 జనవరి ఇరవయ్యో తేదీన మైపాడులో బస్సెక్కిన ఆయన మళ్ళీ రాలేదు.