మిత్రుడి పతకం

వజీర్ పతకాన్ని జేబురుమాలులో చుట్టి తెచ్చాడు. అల్ అమెరాత్ సైట్‌కు ఫోర్మన్‌గా ఎవరిని వేయాలో కంపెనీ అరబ్బు యజమాని ఆ పొద్దున తేల్చేస్తానన్నాడు. అందరూ ఆయన్ను అర్బాబ్ అంటారు. పోటీలో మిగిలింది ఇద్దరే. కడప వజీర్, జగిత్యాల భూమేశ్.

భూమేశ్‌ను పోటీ అనుకోవడమే వజీర్‌కు నామోషీ. భూమేశ్ పదకొండేళ్లు సిమెంటు మోసి పని నేర్చుకున్న మనిషి. ఆఫీసు బయట బెంచీ మీద కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు.

"మీ తాత ఏం పని చేస్తాండెరా?"

"బాయిలు తవ్వేటోడన్నా."

"బాయిలు." వజీర్ ఆ మాటను ఉమ్మేసినట్టు అన్నాడు. "మా ముత్తాత సిపాయి. ఈ దేశానికే వచ్చి యుద్ధం చేసినాడు. ఖాందాన్ అంటే అదీ."

భూమేశ్ తలూపాడు. రూవిలో టీ బంకు దగ్గర, బస్సులో, భోజనాల దగ్గర ఈ ముత్తాతను అతను వందసార్లు విని ఉంటాడు. కోపం కూడా రాని మనిషితో మాటలేమిటని వజీర్ మొహం తిప్పుకున్నాడు.

లోపల అర్బాబ్ ఇద్దరికీ కహ్వా పోయించాడు. ఆయనకు హిందీ బాగానే వచ్చు. ఆయన భూమేశ్ పని కాగితాల కోసం చెయ్యి చాపబోతుంటే వజీర్ చటుక్కున రుమాలు విప్పాడు.

"తెల్లదొరల కాలంలో ఇక్కడి పాలకుడికి సాయంగా మా ఫౌజు ఓడల్లో వచ్చింది అర్బాబ్. ఆ మిత్రసేనలో ధైర్యవంతులకు ఇచ్చిన పతకం ఇది. మా ముత్తాత మీ దేశం కోసం ప్రాణాలకు తెగించాడు."

అర్బాబ్ కళ్లజోడు పెట్టుకుని, అంచున చెక్కిన కోట పేరు పైకి చదివాడు. ఫోను మోగితే ఆపేశాడు.

"ఏం చేశాడు మీ ముత్తాత?"

వజీర్ గుండె ఉప్పొంగింది.

"కోట కింద ఒక ఇల్లు లొంగలేదట. నలుగురు అన్నదమ్ములు. తిరుగుబాటుదారులు. మా ముత్తాత ఒక్కడే లోపలికి దూరి నలుగురినీ నరికేశాడు."

"నలుగురినీ?"

"ఒక్కణ్ణీ వదల్లేదు. మా ఇంట్లో పిల్లలకు ఈ కథ చెబుతూనే అన్నం తినిపిస్తారు."

అర్బాబ్ ఇంకా అడిగాడు. బావి ఏ పక్కనుంది, వాకిలి ఎటుంది. వజీర్ తెలిసింది చెప్పి, తెలియనిది కల్పించాడు. ఇంతసేపు ఇంటి సంగతులు అడిగాడంటే ఫోర్మన్ పని తనదే. సందేహం లేదు. కాగితాలు ఒళ్లో పెట్టుకున్న భూమేశ్‌ను చూస్తే నవ్వొచ్చింది. బావులు తవ్వే వంశానికి ఫోర్మన్‌గిరీ కావాల్సి వచ్చింది.

"మీరే ఉంచుకోండి అర్బాబ్. మన స్నేహానికి గుర్తుగా" అన్నాడు ధారాళంగా.

అర్బాబ్ పతకాన్ని బల్ల మీద వజీర్ వైపు మెల్లగా జరిపాడు. గొంతు పెంచలేదు.

"ఆ ఇంట్లో ఉన్నది నలుగురు కాదు వజీర్, ఐదుగురు, ఖర్జూరపు మట్టల కింద దాక్కుని బతికిపోయిన ఆ ఐదేళ్ల చివరివాడు మా ముత్తాత."