రాజుగారింటి మోకాలు

ఆంజనేయరాజు గారింట్లో మోకాలి ఆపరేషన్ ఫెయిలైందని పక్కింటి మాణిక్యాంబ వీధంతా చెప్పింది. “పదేళ్ళయిందా, ఇప్పటికీ పాపం రాజుగారు కుర్చీ దిగట్లేదు. మొన్న చూడ్డానికెళ్తే మంచినీళ్ళు కూడా బంగారమ్మగారే అందించారు” అందట.

ఆ మాట రాజుగారి భార్య బంగారమ్మ చెవినా పడింది.

చేపల చెరువు గట్టు మీద కాలు జారిన ఏడాది, రాజమండ్రిలో అరిగిన సగం కీలు మార్చి, తెగిన లిగమెంటు కొత్తగా వేశారు. మోకాలు నిలబడితే కోరుకొండ గుడి మెట్లన్నిటికీ పసుపు రాస్తానని ఆ రోజే ఆవిడ మొక్కుకుంది. ఎప్పుడు బయల్దేరదామన్నా రాజుగారు, “మోకాలు పెట్టుకుని కొండేంటే? మతుండే అంటున్నావా?” అనేవారు. మొక్కు అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు పదేళ్ళ చెకప్‌కి రమ్మని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. డాక్టరు ‘ఎక్కొచ్చు’ అంటే చాలు, అట్నుంచటే కోరుకొండ. బంగారమ్మ సంచిలో పసుపు పొట్లం పెట్టుకుంది.

కారులో రాజుగారు ముందు సీటు వెనక్కి జరిపించుకుని కాళ్ళు బారచాపుకున్నారు. ఆ వెనక బంగారమ్మ, క్యారియరూ ఫ్లాస్కూ ఒళ్ళో పెట్టుకుని ఒదిగి కూర్చుంది. కొవ్వూరు బ్రిడ్జి దాటేదాకా ఆయన మూలుగుతూనే ఉన్నారు.

ఎక్స్‌రే అయ్యాక లోపలికి పిలిచారు. పాత డాక్టరుగారు రిటైరయ్యారట. కొత్తాయన కంప్యూటర్లోంచి తలెత్తలేదు.

“మెట్లెక్కగలుగుతున్నారా?”

“ఎక్కడండీ! మేడెక్కడమే మానేశాం” అన్నారు రాజుగారు.

“కింద కూర్చోడం?”

“ఆ ఊసే లేదండి. భోజనం కూడా మంచం దగ్గరికే.”

“నొప్పి?”

“అబ్బో, ముసురు పట్టిందంటే రాత్రంతా నిద్రుండదండి.”

బంగారమ్మ నోరు తెరవబోయింది.

“నువ్వుండవే, నే చెబుతున్నాగా!”

డాక్టరు బొమ్మ పెద్దది చేసి చూశాడు. “విచిత్రంగా ఉందే! కీలు చెక్కుచెదర్లేదు. లిగమెంటు చేత్తో లాగి చూడాలి. అది సాగిపోయుంటే ఇక జన్మలో కొండలెక్కొద్దని రాసేస్తాను. ఆ బల్లెక్కండి.”

బంగారమ్మ చెయ్యి పసుపు పొట్లం మీద బిగుసుకుంది.

రాజుగారు అలవాటుగా చెయ్యి చాపారు. ఆవిడ అలవాటుగా పట్టుకుని లేపింది. ఆయన బల్లెక్కి, పంచె పైకి మడిచి, “మెల్లగా చూడండి డాక్టరుగారూ” అని కళ్ళు మూసుకున్నారు.

“ముందు మీరు దిగండి, ఆపరేషన్ చేసింది నా మోకాలికి” అంది బంగారమ్మ.