వాగు దగ్గర ఎరుపు

నరికిన సంపెంగ మొక్క మొదలు నుంచి జిగురు ఇంకా కారుతోంది.

పక్కనే బురదలో నేను కట్టిన ఎర్ర దారం.

పనివాళ్ళ కోసం తెచ్చిన చిక్కుడు గింజల కుండ కిందికి దించాను. వాగు ఒడ్డంతా గొరిగిన తలలా నున్నగా ఉంది.

పదకొండు మొక్కలు. వాటి మీద తొమ్మిది సీతాకోక గూళ్ళు. విరిగిన పుల్లల్లా ఉంటాయి, తెలియనివాళ్ళ కంటికి ఆనవు. పురుగులు ఆకులు తినే రోజుల నుంచీ, ఏడు వారాలుగా, రోజూ వచ్చి చూసుకుంటున్నాను.

పొడుగు తోకల పసుపు సీతాకోక మా మబ్బు అడవిలో తప్ప ఇంకెక్కడా లేదంటారు. ఈ ఏడాది మా అడవిలోనూ ఈ ఒడ్డున తప్ప నాకు కనబడలేదు.

రేపు దాన్ని చూడడానికే వహాకా నగరం నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. వాళ్ళు నడిచే దారి శుభ్రం చెయ్యాలని సభలో నిర్ణయించారు. ఇంటికో మగవాడు కత్తి పట్టుకుని వచ్చాడు.

"వచ్చావా ఎర్మెలిందా వదినా! కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి," అన్నాడు మా ఆయన స్నేహితుడు ఫిదెన్సియో. "చూడు, అద్దంలా చేశాం."

"దారం కట్టినవి ఎందుకు నరికారు?"

"కట్టావనేగా నరికింది! ఏరి ఏరి కొట్టాం. ఒక్కటి వదల్లేదు."

మా కొండమీద ఎర్ర గుర్తు పెట్టిన చెట్టంటే కొట్టెయ్యాల్సిన చెట్టు. చంటిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ మబ్బు దిగితే ఇక్కడ కనిపించే రంగు అదొక్కటే. అందుకే సభలో చెప్పమన్నాను, ఒకటికి రెండుసార్లు. వాగు దగ్గర ఎరుపంటే ముట్టుకోవద్దని.

సభలో ఇంటికి ఒక్కరే మాట్లాడాలి. మా ఇంటి నుంచి మా ఆయన ఓదిలోన్.

అతను రాయి మీద కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"చెప్పావా?"

"చెబుదామనే లేచాను."

"లేచి?"

"ఏమిటయ్యా అన్నాడు అమాన్సియో పెద్దాయన. మా ఆవిడ పురుగుల సంగతి అన్నాను. అందరూ ఒకటే నవ్వు."

"నువ్వు?"

కత్తి అంచు బొటనవేలితో చూసుకున్నాడు.

"నేనూ నవ్వాను."

"పోనీలే వదినా," అన్నాడు ఫిదెన్సియో. "రేపు ఏదీ ఎగరకపోతే మా పసుపు కోడిపిల్లను ఎగరేద్దాం. పట్నం వాళ్ళకేం తెలుస్తుంది?"

మళ్ళీ నవ్వారు.

నేను వడ్డించలేదు. మోకాళ్ళ మీద కూర్చుని బురదలో వెతికాను.

ఒక గూడు కత్తికి రెండుగా తెగింది. లోపల రెక్క కనిపించింది. తడిసిన కాగితంలా ముడుచుకుని ఉంది.

అప్పటికే పసుపు.

పదకొండు దారాలూ దొరికాయి. వాగులో ఉతికాను. బురద పోయింది. రంగు పోలేదు.

సాయంత్రం వాటిని పొయ్యి పక్కన ఆరేశాను. ఓదిలోన్ రెండుసార్లు అటు చూశాడు. రొట్టెలు తానే వేడి చేసుకున్నాడు.

తెల్లారితే ఆదివారం. సభ గది ఊడ్చే వంతు నాది. ఆ వంతుల కాగితంలో మాత్రం అన్నీ ఆడవాళ్ళ పేర్లే.

ఊడ్చాను. బెంచీలు తుడిచాను. అతిథులకు కిటికీ వైపు, ఊరి సంఘం వాళ్ళకు ఎదురుగా కుర్చీలు వేశాను. సంఘంలో పదకొండుమంది. ఈ ఏడాది ఓదిలోన్, ఫిదెన్సియో కూడా ఉన్నారు.

అతిథులు వచ్చారు. కాఫీ ఇచ్చాను. కూర్చున్నారు.

మావాళ్ళు ఉతికిన చొక్కాలతో, టోపీలు చేతిలో పట్టుకుని లోపలికి వచ్చారు. కుర్చీల దాకా వచ్చి ఆగిపోయారు.

అతిథుల్లో ఒకావిడ ముచ్చటగా ముందుకు వంగింది. "కుర్చీలకు ఆ ఎర్ర దారం ఎంత బాగుందో! మీ ఊరి మర్యాదా?"

అమాన్సియో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఫిదెన్సియో టోపీ అంచు నలుపుతున్నాడు. ఓదిలోన్ నావైపు చూశాడు.

ఈసారి అతను నవ్వలేదు.

"కూర్చోండి," అన్నాను మావాళ్ళతో.

ఎవరూ కూర్చోలేదు.